కులసంఘముల ధర్మనిధులు – కళాపోషణము

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

  

 సాధారణముగా నిట్టి సభలలో కులముయొక్క ప్రాచీనవైభవమును వర్ణించుటయు, దాతలను స్తుతించుటయు నాచారమై యున్నది. ఆ రెండు పనులను మాకంటె సమర్థులు ఈ యుదయముననే నిర్వహించియున్నారు. మేము ప్రస్తావింపఁదలఁచినది లెక్కల విషయము. లెక్క లనఁగనే కొందఱు మెల్లగా లేచి భోజనశాలవైపు నడతురని యెఱుఁగుదుము. అయినను సంఘముయొక్క ప్రాణము లెక్కలపుస్తకమునందే యున్నదని మా దృఢవిశ్వాసము.

నేఁటి సాయంకాలము మీ యెదుటికి రెండు తీర్మానములు రానున్నవి. కూడిన ధనమునంతయు కల్యాణమండపమునకు రెండవ యంతస్తు వేయుటకై వెచ్చింపవలయు ననునది మొదటిది. అందొక భాగమును శాశ్వతనిధిగా నుంచి, దాని వడ్డితో మన పల్లెలయందలి కళాకారులను పోషింపవలయుననియు, జమాఖర్చులను ఏఁటేఁట అచ్చొత్తించి సభ్యులందఱకు పంచవలయుననియు చెప్పునది రెండవది. మేము రెండవదాని పక్షమువారము. అది యేల యని విన్నవించుటకే ఈ యుపన్యాసము.

మొదట మన ధన మెక్కడనుండి వచ్చుచున్నదో విచారింతము. ఈ నేల గుంటూరు, ప్రకాశము సీమల నల్లరేగడి. ఇచ్చటి దాతృత్వము ఋతువుల ననుసరించి నడచును. పత్తి తీఁతలు ముగిసి, కల్లములలో మిరపకాయ యెండి, టిక్కీలు గుంటూరు యార్డునకు చేరి, కమీషను వ్యాపారివద్ద పట్టీ చేతికి వచ్చిన పిదపఁగాని రైతు చందాపుస్తకము తెఱవఁడు. ధర నిలిచిన యేఁడు రెండుచేతుల నిచ్చును. ధర పడిన యేఁడు మొగము చాటువేయును. అందు అతని తప్పేమియు లేదు. 1987–88లో తెల్లదోమ పత్తిచేలపై పడినపుడు ఈ రెండు జిల్లాలలో నెన్ని యిండ్లు కూలినవో, ఎందఱు రైతులు ప్రాణములు తీసికొనిరో పెద్దలకు జ్ఞాపకమే. 2021–22లో నల్లతామరపురుగు మిరపపూఁతను పీల్చివేసినపుడును తోఁటలకు తోఁటలే దున్నివేయఁబడెను. అట్టి యేఁడు చందా యడుగఁబోవువానికి నోరెట్లు వచ్చును?

కావున ఏ యేఁటిచందా నాయేఁడే వ్యయించు సంఘము, వానకాలువవంటిది; వేసవిలో నందు నీరు కానరాదు. మంచియేఁడు వచ్చినదానిలో కొంత చెఱువులో నిలువచేసినట్లు మూలధనముగా నిలిపి, వడ్డిని మాత్రమే వాడుకొను సంఘము చెడ్డయేఁడు సైతము నిలువఁగలదు. పది లక్షల నిధి నూటికి 6 చొప్పున ఏఁటికి 60 వేలు తెచ్చును. గొప్పమొత్తము కాకపోవచ్చును, కాని తెల్లదోమ వచ్చినను, నల్లతామర వచ్చినను ఆ 60 వేలు తప్పవు. మూలధనమును తాఁకరాదను నియమమును సంఘపు నియమావళిలోనే వ్రాసి, దానిని మార్చుటకు సర్వసభ్యసభలో విశేషాధిక్యము కావలయునని కట్టుదిట్టము చేయవలయును. లేనియెడల మొదటి గోడ బీటవాఱిననాఁడే ఆ నిధి సిమెంటుగా మాఱిపోవును.

ఇఁక సంఘ మనఁగా నేమి? 1860 సంవత్సరపు సంఘముల రిజిస్ట్రేషను చట్టముక్రింద పూర్వము మన ప్రాంతమున ననేక సంఘములు నమోదయ్యెను. ఆంధ్రప్రదేశమున 2001లో క్రొత్తచట్టము వచ్చినది. ఏడుగురు కలిసినచో సంఘమును నమోదు చేయవచ్చును. ఆ తరువాత ఏఁటేఁట సర్వసభ్యసభ జరుపవలయును, కార్యవర్గపు పట్టికను రిజిస్ట్రారుకు పంపవలయును, లెక్కలుంచవలయును. సంఘము రద్దైనను మిగిలిన యాస్తిని సభ్యులు పంచుకొనరాదు. అది తత్సమానమైన యాశయముగల మఱియొక సంస్థకు పోవలసినదే. ఈ యొక్క నియమమును మనసున నుంచుకొన్నచో చాలును. సంఘధనము మనది కాదు, మనచేత నున్నది. అధ్యక్షుఁడైనను, కోశాధికారియైనను, మూలదాతయైనను దానికి కాపరియేకాని కర్త కాఁడు.

ఆచరణమున జరుగుచున్న దేమి? మన ప్రాంతమున మేము చూచిన కొన్ని సంఘములలో కార్యవర్గము ఇరువది యేండ్లుగా మాఱలేదు. సర్వసభ్యసభ కాగితముమీఁదనే జరుగును. లెక్కలు కోశాధికారి యింటి బీరువాలో నుండును. ఆయన కాలముచేసినచో బీరువాతోఁగూడ తాళపుచెవియు కానరాదు. లెక్క యడిగినవానిని "సంఘద్రోహి" యందురు. లెక్కయడుగుట ద్రోహము కాదు. ఇంటికి వచ్చిన పాలేరును సైతము పొలములో నెన్ని మూటలైన వని యడుగుదుము కదా! నిజాయితీపరుఁడైన కోశాధికారికి అచ్చొత్తిన లెక్కకంటె గొప్పరక్ష వేఱొకటి లేదు. పదిమంది చూడనిచో నపవాదము మంచివానిని సైతము విడువదు.

ఒక యుత్తమమైన యుదాహరణమును చెప్పెదము. చీరాలకు చేరువనున్న వేటపాలెము నేఁతవారి యూరు. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారును, నాఁటి యువకులును కూడి యచ్చట సారస్వతనికేతనమను గ్రంథాలయమును నెలకొల్పిరి. 1929లో గాంధీమహాత్ముఁడు ఆ సంస్థను దర్శించెను. ఆ యూరు నాఁడు గుంటూరుజిల్లాలోనిది. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినపుడు అందుఁ జేరెను. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పేరు వచ్చెను. 2022 నుండి బాపట్లజిల్లాలోనిది. జిల్లాలు మూఁడు మాఱినను గ్రంథాలయము మాఱలేదు. పాత పత్రికలకొఱకు, అరుదైన గ్రంథములకొఱకు దూరదేశములనుండి పరిశోధకులు నేఁటికిని ఆ యూరికి వత్తురు. స్థాపకులు గతించినను సంస్థ నూఱేండ్లు దాఁటినది. తలుపు అందఱకు తెఱచియుండుటయు, వచ్చిన ప్రతి కాగితమును పదిలపఱచుటయు నచ్చటి యలవాట్లు. చదువవచ్చినవానిని నీ కులమేదని యడుగు గ్రంథాలయమైనచో నది యేనాఁడో పావురములపా లయ్యెడిది.

దీనికి ప్రక్కనే వేఱొక చిత్రమును చూడుఁడు. తెనాలి మన నాటకములకు రాజధాని. శ్రీరామవిలాససభ యచ్చటిది. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు ఆ సభయందే స్త్రీపాత్రధారణమున దేశప్రసిద్ధి నొంది, 1956లో పద్మశ్రీ బిరుదమును పొందిరి. ఆ కాలమున నాటకసమాజములు వేలకొలఁది జనమును తెల్లవాఱులు కూర్చుండఁబెట్టఁగలిగెను. కాని వానిలో ననేకములకు టిక్కెట్టు డబ్బు, ఒకరిద్దఱు జమీందారుల యాదరము తప్ప వేఱు మూలధనము లేదు. 1932లో తెలుఁగు టాకీ వచ్చెను. క్రమముగా ప్రేక్షకులు అటు మరలిరి. జమీందారీలును తరువాత పోయెను. నటుల ప్రతిభకు లోపము లేకున్నను సమాజములు మూతపడెను. కళ గొప్పదైనంతమాత్రమున సంస్థ నిలువదు. దానివెనుక నిధియు, నియమమును, వారసులైన కార్యకర్తలును నుండవలయును.

"మా కులసంఘమునకు కళ లేల? విద్యార్థులకు వేతనములీయుట చాలదా?" యని కొందఱు మిత్రు లడిగిరి. విద్యార్థివేతనములను తగ్గింపుమని మేమనము. కాని యీ సీమయందు కళ యెవరిచేత నిలిచినదో యొక్కసారి చూడవలయును. పల్నాటిలో కారెంపూడియందు నాగులేటి యొడ్డున కార్తికమాసమున వీరుల తిరునాళ్లు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని యైదు దినములు. పన్నెండవ శతాబ్దమునాఁటి యుద్ధమును వీరవిద్యావంతులు నేఁటికిని గానము చేయుదురు. మందపోరునాఁడు జరుగు చాపకూడు, బ్రహ్మనాయుఁడు అన్నికులములవారిని ఒకే చాపపై కూర్చుండఁబెట్టి భుజింపఁజేసిన దానికి జ్ఞాపకము. మాలకన్నమదాసును సేనాని చేసినవాఁడు ఆ బ్రహ్మనాయుఁడే. ఎన్ని ప్రభుత్వములు మాఱినను ఈ యుత్సవము నిలిచియుండుట కేమి కారణము? అది యొక్కకులముది కాకపోవుటయే.

తాడికొండ దాపున పొన్నెకల్లులో 1920లో దూదేకుల కుటుంబమున షేక్ నాజర్ జన్మించెను. పత్తి పండు నేలలో దూదిని ఏకువారి బిడ్డ తంబుర భుజాన వేసికొని, అందెలు మ్రోగించుచు, ప్రక్కన గుమ్మెటలతో నిద్దఱు వంతలు నిలువఁగా బుఱ్ఱకథ చెప్పెను. ప్రజానాట్యమండలితో నూరూర తిరిగెను. పల్నాటియుద్ధమును ఆయన నోట వినని పల్లె ఈ సీమలో నరుదు. 1986లో పద్మశ్రీ వచ్చెను. 1997లో కాలధర్మము నొందెను. ఆయన తన జీవితకథకు పెట్టిన పేరు "పింజారి". తన కులవృత్తిని పేరుగా ధరించి, అన్నికులముల వారిని అలరించిన మహనీయుఁడు.

ఒంగోలునకు చేరువనున్న కరవదిలో 1924లో షేక్ చినమౌలానా జన్మించెను. చిలకలూరిపేటలో నాదస్వరశిక్ష పొంది, ద్రావిడదేశమున తంజావూరుబాణీ నభ్యసించి, శ్రీరంగమున స్థిరపడి, రంగనాథుని సన్నిధి వాయించెను. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీతకళానిధి బిరుదములు వరించినవి. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు: శ్రీరంగమున 1982లో శారదా నాదస్వర సంగీతాశ్రమమును స్థాపించి శిష్యులను తయారుచేసెను. విద్వాంసుఁడే సంస్థను కట్టినాఁడు. ఆ మహనీయుఁడు పుట్టిన జిల్లాలో నాదస్వరము నేర్పుటకై మన సంఘములు వెచ్చించిన దెంత యని మన పుస్తకములను తిరుగవేసిన, ఆ పద్దే కానరాదు. పెండ్లికి మేళగాండ్రు కావలయును. మేళము నేర్చు పిల్లవానికి ఊఁది చూచుకొనుటకు సన్నాయి కొనియిచ్చువాఁడు మాత్రము లేఁడు.

మన సంఘములు కళాకారుల నేమి చేయుచున్నవి? ఒకానొక సభలో మేము చూచిన సంగతి చెప్పెదము. ఆ సభ పేరుతో పనిలేదు. బుఱ్ఱకథదళమును ముప్పదిమైళ్ల నుండి పిలిపించిరి. సాయంకాలము ఆఱుగంటలకు కథ యనిరి. వక్తల యుపన్యాసములు సాగి సాగి పదకొండుగంటలకు వారిని వేదిక నెక్కించి, అరగంటలో ముగింపుమనిరి. చివర ముగ్గురికి మూఁడు శాలువలు కప్పి, జ్ఞాపికలిచ్చి ఛాయాచిత్రము తీసిరి. బండికూలి యడుగఁబోఁగా కోశాధికారి యింటికి పోయెననిరి. ఆ ముగ్గురిలో పెద్దాయన "బాబూ, శాలువలు ఇంట్లో పదునెనిమిదున్నవి, చలి లేదు, ఆఁకలి యున్నది" అనెను. ఆ మాట వినిన పిదప శాలువ కప్పుట సన్మానమని మాకు తోఁచుట లేదు.

కళానిధి యుండవలసిన తీరును ఇట్లు మనవి చేయుచున్నాము. కళాకారుని పిలుచునపుడు తేది, వేళ, పారితోషికము వ్రాసి ముందుగా పత్రము పంపవలయును. సగము ముందే, మిగిలినది వేదిక దిగకమునుపే చెల్లింపవలయును. నిధివడ్డిలో నొకపాలు వాద్యముల మరమ్మతునకును, ఒకపాలు గురువువద్ద నేర్చుకొను పిల్లలకును, ఒకపాలు వేదిక నెక్కలేని వృద్ధులకు నెలనెల వేతనమునకును కేటాయింపవలయును. ఎంపికచేయు ముగ్గురిలో ఒకరైనను మన కులమునకు చెందని కళాకోవిదులై యుండవలయును. తన బంధువు దరఖాస్తు వచ్చినపుడు సభ్యుఁడు లేచి వెలుపలికి పోవలయును. పోయెనని మినిట్సులో వ్రాయవలయును. ఎవరికెంత యిచ్చితిమో సంచికలో ప్రకటింపవలయును.

"కులముధనము కులమునకే" యనువారికి ధర్మశాస్త్రముకంటె ఆదాయపుపన్ను చట్టమే మంచి సమాధానము చెప్పుచున్నది. 1961 నాఁటి చట్టము, తాను అమలులోనికి వచ్చిన పిదప ఒక్క మతమువారికో ఒక్క కులమువారికో యుపకరించుటకై స్థాపింపఁబడిన ధర్మసంస్థలకు పన్నుమినహాయింపు లేదని విధించినది. షెడ్యూల్డు కులములు, షెడ్యూల్డు తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, బాలలు, వీరికొఱకైనవానికి మాత్రమే సడలింపు నిచ్చినది. కావున కళానిధి నియమావళిలో "కులమత భేదములేక" యను మాట చేర్చుట ధర్మమే కాదు, లాభమును. దాతకు పన్నులో తగ్గింపు, సంఘమునకు వెలుపలి సాయము ఆ మాటవెంట వచ్చును.

వెలుపలి సాయమనఁగా నేమి? 2013 కంపెనీల చట్టము ప్రకారము పెద్దకంపెనీలు గడచిన మూఁడేండ్ల సగటులాభమున నూటికి 2 వంతులు సమాజహితమునకు వెచ్చింపవలయును. ఆ చట్టపు ఏడవ షెడ్యూలులో కళాసంస్కృతుల రక్షణము, సార్వజనిక గ్రంథాలయములు, సంప్రదాయకళలు చేతిపనులు పేర్కొనఁబడినవి. కాని 2021 ఏప్రిలునుండి ఆ ధనమును కోరు సంస్థ కేంద్రప్రభుత్వమువద్ద ముందుగా నమోదు కావలయును. కేంద్ర సాంస్కృతికశాఖ గురుశిష్యపరంపరకు సాయమిచ్చు పథకమును నడపుచున్నది. నమోదుపత్రము, తనిఖీయైన లెక్కలు లేనిదే ఇట్టి తలుపు లేవియు తెఱచుకొనవు. బీరువాలోని లెక్క ఢిల్లీలో పనికిరాదు.

అమెరికానుండి మన పిల్లలు పంపు సొమ్ముమాటయు చెప్పవలయును. భారతపౌరుఁడుగా నున్నవాఁడు తన కష్టార్జితమునుండి బ్యాంకుద్వారా పంపునది విదేశీవిరాళము కాదు. అచ్చటి పౌరసత్వమును స్వీకరించిన వాఁడు పంపునది, వాఁడు మన మేనల్లుఁడే యైనను, విదేశీవిరాళమే. దానికి 2010 చట్టముక్రింద అనుమతి కావలయును. 2020 సవరణ పిదప ఢిల్లీలోని స్టేటుబ్యాంకు ప్రధానశాఖ ఖాతాలోనే దానిని స్వీకరింపవలయును. మఱియొక సంస్థకు మళ్లింపరాదు. ప్రేమతో పంపినదానిని తెలియమిచే తప్పుఖాతాలో వేసికొని చిక్కులఁబడుటకంటె, ఒకదినము లెక్కల నిపుణుని సంప్రదించుట మేలు.

కల్యాణమండపము వలదని మేమనలేదు. దాని యద్దె సంఘమునకు ఆదాయము, నిజమే. కాని మండపమున కున్న మొదటి యంతస్తు ఏఁటిలో ముహూర్తములు లేని దినములన్నియు తాళము వేసియే యుండును. ఆ దినములలో సాయంకాలము రెండుగంటలు తాళముతీసి నాదస్వరమునకో, నాటకపు పూర్వాభ్యాసమునకో యిచ్చినచో ఖర్చు దీపమునకు మాత్రమే. 2023 డిసెంబరులో గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞానమందిరమున నంది నాటకోత్సవములు జరిగినపుడు వేదికనెక్కిన సమాజములలో, సాధనచేసికొనుటకు చోటులేక వెదకికొన్నవారు లేరని యెవరనఁగలరు? రెండవ యంతస్తు కట్టకమునుపు మొదటి యంతస్తును నిండుగా వాడుట నేర్తము.

కావున సాయంకాలము మీరు చేతులెత్తునపుడు నాలుగు సంగతులు దృష్టియందుంచుకొనుఁడు. కూడిన ధనమున నాలుగవవంతైనను కళానిధిగా నిలుపుఁడు. ఆ నిధికి కులమతభేదము వలదనుఁడు. కార్యవర్గపు పదవిని వరుసగా రెండుమాఱులకు మించి యొకరే వహింపరాదని వ్రాయుఁడు. వచ్చు సంవత్సరపు సంచికలో మొదటి పుట దాతల ఛాయాచిత్రములకు కాక, తనిఖీయైన జమాఖర్చుపట్టికకు కేటాయింపుఁడు. ఆ పట్టికలో ఒక తప్పు కానవచ్చినచో నడుగుటకు చివర కూర్చున్న చిన్నవానికిని హక్కున్నదని నేఁడే ప్రకటింపుఁడు. మనము పోయిన పిదప ఈ సంఘపు తలుపు తట్టువాఁడు సన్నాయి చేతఁబట్టుకొన్న పిల్లవాఁడు కావచ్చును. వానికి ఇచ్చుటకు పెట్టెలో నేమియున్నదో నిర్ణయించువారు మీరే.